ప్లాస్టికు ట్యాంకునకు క్రొత్త పట్టాలు

గత మాఘమాసమున చెంచుల పాటలు కొన్ని ధ్వనిముద్రణము చేయుటకై మేము అమ్రాబాదు వెళ్ళితిమి. హైదరాబాదునుండి శ్రీశైలము పోవు రహదారిని మన్ననూరు వద్ద విడిచి ప్రక్కకు మరలినచో, నల్లమల అడవి నడుమ పీఠభూమిపై ఈ గ్రామము వచ్చును. ఒకప్పుడు ఇది మహబూబ్‌నగరు జిల్లా. 2016 నుండి నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. పాటల పని ముగిసిన సాయంకాలము ఆ ఊరి ఉపాధ్యాయులొకరు మమ్ము తమ ఇంటికి తేనీటికి పిలిచిరి. వారి అద్దాల బీరువాలో, పుస్తకముల వరుసకు ముందు, జానెడు పొడవైనను లేని ఒక ట్యాంకు కనబడినది. తెలంగాణమున ట్యాంకు అనగానే చెరువుకట్టయో, మేడమీది నీళ్ళతొట్టియో తలపునకు వచ్చును. ఇది ఆ ట్యాంకు కాదు. యుద్ధభూమిలో నడచు షెర్మన్ ట్యాంకునకు ప్లాస్టికుతో చేసిన నమూనా.

చదువుకొను నాటినుండి ఇట్టి నమూనాలు కూర్చు పిచ్చి నాకును కలదు. కావున తేనీరు చల్లారుచుండగనే బీరువా వద్దకు పోయితిని. ట్యాంకు ఒకవైపు పట్టా రెండు ముక్కలై వ్రేలాడుచున్నది. రెండవవైపు పట్టా తెగలేదు గాని, అది ఆనుకొని యున్న చక్రముల అంచులు కరగిన మైనమువలె పల్లములు పడినవి.

దాని కథ ఉపాధ్యాయులే చెప్పిరి. 1948 సెప్టెంబరులో భారతసేనలు హైదరాబాదు సంస్థానమున ప్రవేశించిన సంగతి అందరును ఎరిగినదే. ఆ నెల 13వ తేదీన చర్య ఆరంభమైనది, 17వ తేదీ సాయంకాలమునకు ముగిసినది. మరునాడు మేజర్ జనరల్ చౌధురి నగరమునకు రాగా, నిజాము సేనాధిపతి జనరల్ ఎల్ ఎడ్రూస్ ఆయనకు లొంగిపోయెను. ఆ 18వ తేదీన దారిప్రక్క నిలిచి ట్యాంకుల వరుసను చూచిన జనములో పండ్రెండేండ్ల బాలుడొకడు కలడు. ఆ బాలుడే ఈ ఉపాధ్యాయుల తండ్రిగారు. 1985లో దుబాయినుండి వచ్చిన బంధువు ఒక ప్లాస్టికు పెట్టెను కానుకగా తేగా, తండ్రియు కొడుకును కూడి వేసవి సెలవులలో దీనిని కూర్చిరట. తండ్రిగారు నిరుడు కాలము చేసిరి. ఇప్పుడు పదవ తరగతి చదువుచున్న మనుమరాలు దీనికి క్రొత్త పట్టాలు వేయవలెనని పట్టుపట్టినది. పట్టుపట్టిన ఆమెయే జంకుచున్నది కూడ.

"నాయినా, తాత ఏసిన పట్టా తీసేస్తే ఇది తాత ట్యాంకే అయితదా?" అని ఆ బాలిక నా యెదుటనే తండ్రిని అడిగినది. ఆయన నావైపు చూచిరి. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ముందు ఏ పట్టా వేయవలెనో తేల్చుకొందము, వేయవచ్చునా అను ప్రశ్న తరువాత తీసికొందము అంటిని. ఆ రాత్రి మా మధ్య నడచిన విచారణను, తరువాత ఉత్తరములలో సాగిన దానిని, ఇట్టి బొమ్మలున్న ఇండ్లకు ఉపకరించునని ఇచట వ్రాయుచున్నాను.

మొదట పట్టా యనగా నేమి? మన పల్లెలలో కాలువలు త్రవ్వుటకు వచ్చు యంత్రమును 'చైను మిషను' అందురు. వరికోతకు బురద మళ్ళలో దిగునది 'చైను హార్వెస్టరు'. ఈ చైనే ట్యాంకునకు పట్టా. చక్రము తనకు కావలసిన బాటను తానే ముందు పరచుకొనుచు, దానిపై నడచి, వెనుక దానిని ఎత్తుకొనిపోవుట ఇందలి కిటుకు. షెర్మన్ బరువు సుమారు 30 టన్నులు. నేలను తాకు పట్టా పొడవు 3 మీటర్ల 73 సెంటీమీటర్లు, వెడల్పు 42 సెంటీమీటర్లు, అట్టివి రెండు. గుణించి భాగించినచో చదరపు సెంటీమీటరునకు పడు బరువు కిలోగ్రాము లోపుననే తేలును. అమ్రాబాదు పొడతూర్పు ఎద్దు, ఆ మచ్చల ఎద్దు, నాలుగు గిట్టలపై నిలిచినపుడు నేలమీద మోపు ఒత్తిడి ఇంతకు తక్కువ యుండదు. అడుగు వేసి రెండు గిట్టలపై ఆనినపుడు ఇంకను హెచ్చును. ఈ లెక్క వినగానే ఆ బాలిక నమ్మలేదు; కాగితము తెచ్చి తానే వేసి చూచినది.

ఇక షెర్మన్ పట్టా నిర్మాణము. ఇది ఒకే ముక్క కాదు. ఒక్కొక్కవైపు 79 పలకలు. ప్రతి పలకలోను రెండు ఇనుప కడ్డీలు రబ్బరు తొడుగుతో అమరియుండును. ఆ కడ్డీల కొనలు పలక ఇరుప్రక్కలను బయటికి వచ్చును. ఒక పలక కడ్డీని తరువాతి పలక కడ్డీతో కలుపునది కొలికి. కంఠహారపు కొలికి వంటిదే, కాని ఉక్కుది. ముందున్న పండ్ల చక్రము పట్టుకొని లాగునది ఈ కొలుకులనే. చక్రము ప్రక్కకు జారిపోకుండ రెండువైపుల కాచునవియు ఇవియే. పలకలు కాళ్ళవంటివి, కొలుకులు కీళ్ళవంటివి. నమూనాలో పలక తీరు తప్పినను చూడవచ్చును గాని, కొలుకులు లేని షెర్మన్ పట్టా నా కంటికి పట్టాయే కాదు.

ఇంతవరకు అన్ని షెర్మన్లును ఒక్కటే. నేలను తాకు ముఖము దగ్గరనే భేదములు వచ్చినవి. ఎద్దుకు కొట్టు లాడము ఊరూరికి మారినట్లు, ఈ పలకలును మారినవి. టి-51 అనునది నున్నని రబ్బరు దిమ్మ. గట్టి రోడ్డుపై మెత్తగా నడచును, తడి మట్టిలో జారును. టి-48 రబ్బరుదే గాని, దానిపై బాణపు మొన వంటి కోణము ఉబ్బెత్తుగా నుండును. టి-49 ఉక్కుది, దానిపై అడ్డకమ్ములు. టి-54ఇ1 కూడ ఉక్కుదే, దానిపై మరల బాణపు మొన. ఇంకను కలవు, బజారులో ముఖ్యముగా దొరకునవి ఇవి.

రబ్బరుండగా ఉక్కు ఏల వచ్చినదని అడుగవచ్చును. 1942 తొలి నెలలలో జపానువారు మలయాను, డచ్చివారి తూర్పు దీవులను ఆక్రమించిరి. అమెరికాకు వచ్చు సహజ రబ్బరులో నూటికి తొంబది వంతులకు పైగా ఆ ప్రాంతములదే. తోటలు శత్రువుల చేత చిక్కగా, ట్యాంకు పట్టాలకు ఉక్కు పలకలు చేయించుట ఆవశ్యకమైనది. అనగా బొమ్మ దుకాణమున 'రబ్బరుదా, ఉక్కుదా' అని మనము తడబడుటకు మూలము మలయా రబ్బరు తోటలలో నున్నది. ఇట్టి సంగతులు తెలియుటకే నేను ఈ బొమ్మలను ప్రేమింతును. లేనిచో జిగురు వాసన యెవరికి కావలెను?

పట్టాల జాబితా చూచుటకు ముందే అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఈ నమూనా ఏ ట్యాంకునకు? ఎవరిది, ఏ యేటిది, ఏ నేలమీదిది? దుకాణపు పెట్టెపై 'షెర్మన్' అని వ్రాసియున్నంత మాత్రమున చాలదు. మన దేశమునకు చెందినవే తీసికొనుడు. నిజాము రాజ్యపు అశ్వదళములనుండి పుట్టిన దక్కను హార్సు పటాలము 1945లో బర్మాలో షెర్మన్లతో పోరాడినది. అదే పటాలము 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ వద్ద షెర్మన్లతోనే ప్యాటన్ ట్యాంకుల నెదిరించినది. నడుమ ఇరువది యేండ్లు. పట్టా యనునది అరిగిపోవు వస్తువు, చెప్పులవలె మార్చుచుండవలసినదే. కావున ఒకే పటాలములో, ఒకే వరుసలో, రెండు ట్యాంకులు వేరువేరు పలకలపై నడచుట వింత కాదు. ఛాయాచిత్రము దొరికినచో దానిని మించిన సాక్ష్యము లేదు. దొరకనిచో, ఆ కాలమున ఆ సేనకు చేరియుండగల రకములలో ఒకటి వేసి ఊరకుండుటయే మర్యాద.

ఇంకొక మాట. 1948 చర్యనే బొమ్మలుగా చేయదలచిన బాలురకు సులువైన మార్గము కూడ కలదు. నిజాము పక్షమున సాయుధ రథములుగా నిలిచిన హంబరు, స్టాగ్‌హౌండు కార్లకు రబ్బరు చక్రములే. పట్టాల బాధయే లేదు. తూర్పున విజయవాడనుండి కోదాడ, మునగాల, సూర్యాపేటల మీదుగా నల్లగొండ జిల్లాలో నడచిన దళమునకు ఎదురైనవి ఇట్టి కార్లే. చిత్రమేమనగా, ఓడినవారి బొమ్మలు చేయువారు తక్కువ.

అమ్రాబాదు ఇంట మాకు ఛాయాచిత్రము లేదు. ఉన్నది తండ్రిగారి మాట. ఆయన తరచు రెండు సంగతులు చెప్పెడివారట. ట్యాంకు పోయిన తరువాత మట్టిమీద 'బాణపు మొనలు వరుసగా అచ్చు వేసినట్లు' ఉండినవని యొకటి. ఇనుము రాతిమీద ఈడ్చినట్లు చెవులు గింగురుమనినవని రెండవది. బాలిక వెంటనే, అట్లయిన ఉక్కు బాణపు మొన, టి-54ఇ1, అని తేల్చినది. చురుకైన తీర్పే! కాని శబ్దమును సాక్ష్యముగా నేను ఒప్పుకొనలేదు. పలక రబ్బరుదైనను కొలుకులు ఉక్కువి, పండ్ల చక్రము ఉక్కుది. రబ్బరు పట్టాల షెర్మన్ కూడ నడచునపుడు కీచుమనుచు, గణగణమనుచు పోవును. ముప్పది యేండ్లకు చేరువగా శబ్దములతోనే బ్రదుకుచున్న వాడను; చెవి జ్ఞాపకము కంటి జ్ఞాపకము కన్న తొందరగా రంగు మార్చుకొనునని నా అనుభవము. మట్టిమీది గుర్తు అట్లు కాదు. పండ్రెండేండ్ల పిల్లవాడు వంగి చూచి, వ్రేలితో తాకి యుండును. బాణపు మొన అనుటచేత నున్నని టి-51, అడ్డకమ్ముల టి-49 తొలగినవి. మిగిలినవి రెండు: రబ్బరు టి-48, ఉక్కు టి-54ఇ1. అంతకుమించి ఆ జ్ఞాపకమును పిండరాదు.

ఇప్పుడు పాత పట్టా ఎందుకు చెడినదో చూతము. ఇది తెలియక క్రొత్తది కొన్నచో మరల అదే గతి. ట్యాంకు దేహము పాలీస్టైరీన్ అను గట్టి ప్లాస్టికు. 1985లో పెట్టెలో వచ్చిన పట్టా మెత్తని వైనిల్. మెత్తని పట్టాకు ఒక పూర్వకథ యున్నది. జపానులోని షిజువోకా నగరమున టమియా సంస్థవారు 1960ల ఆరంభమున ప్యాంథరు ట్యాంకు నమూనా నొకటి తెచ్చిరి. అందులో మోటారు, బ్యాటరీలు పట్టవలెను గనుక, వానికి తగిన పరిమాణమున దేహమును చేసిరి; తరువాత కొలిచి చూడగా అది అసలులో 35వ వంతు ఐనది. నేడు ప్రపంచమంతట ట్యాంకు నమూనాలకు చెల్లుచున్న 35వ వంతు కొలత ఇట్లు బ్యాటరీలనుండి పుట్టినది. మోటారుతో నడుచు బొమ్మకు సాగి, వంగి, తిరుగు పట్టా కావలెను. మోటారు పోయినను మెత్తని పట్టా మాత్రము పెట్టెలలో చాల కాలము మిగిలినది.

వైనిల్ స్వభావముచేత మెత్తనిది కాదు. దానిలో నూనెవంటి ద్రవ్యమును కలిపి మెత్తపరుతురు. ఆ ద్రవ్యము ఏండ్ల తరబడి మెల్లమెల్లగా బయటికి వచ్చును. అది పోయిన కొలది పట్టా పెళుసై తెగును. బయటికి వచ్చినది ప్రక్కనున్న పాలీస్టైరీన్‌లోనికి చొచ్చి దానిని మెత్తపరచును. చక్రముల అంచులు కరగినట్లగుటకు కారణమిదే. తెగినదియు, కరగినదియు ఒకే రోగపు రెండు లక్షణములు. వేడి దీనిని వేగిరపరచును. నలువది డిగ్రీలు దాటు మన వేసవులలో, పడమటి గోడ కానించిన బీరువాలో, నలువది యేండ్లు ఆ ట్యాంకు నిలిచినదనిన, అది మెచ్చదగినదే. ఇంటిలో కూర్చని పెట్టెలున్నవారు నేడే తెరచి, మెత్తని పట్టాలను తీసి వేరు సంచిలో నుంచుడు. ఇదొక్కటి చేసినను ఈ వ్యాసము చదివిన ఫలము దక్కినట్లే.

క్రొత్త పట్టాలు నేడు పలు విధములుగా దొరకుచున్నవి. సంస్థల పేర్లు చెప్పి బేరము పెంచుట మా వృత్తికి తగదు గనుక తీరులను మాత్రము చెప్పెదను.

అన్నిటిలో అందమైనది తెల్లని మిశ్రలోహపు పట్టా. తగరము ప్రధానముగా గల లోహముతో ఒక్కొక్క పలకను పోత పోసి, సన్నని తీగతో గ్రుచ్చుకొనవలెను. చేత పట్టుకొనినచో చల్లగా, బరువుగా, పాము వలె జారును. దీనిని చూచినవారు మరొకదానిని కోరరు. నేనును ఒకప్పుడట్లే మోసపోతిని. దీని గొప్పతనము బరువులో నున్నది. తన బరువుచేత తానే క్రుంగి చక్రములపై వాలును. ఆ వాలు కావలసినది ఏ ట్యాంకునకు? మన పట్టణములలో స్మారకములుగా నిలిపిన టి-55 వంటి వానికి. టి-55కు పెద్ద చక్రములైదు, పైన పట్టాను మోయు రోలర్లు లేవు. అందుచేత పైవరుస పట్టా చక్రముల నడుమ క్రుంగి, తడిబట్టలారవేసిన త్రాడువలె నుండును. షెర్మన్ అట్టిది కాదు. చిన్న చక్రములారు, పైన పట్టాను మోయుటకు రోలర్లు కలవు. రబ్బరు తొడుగుల వలన పట్టా బిగువుగా నుండును. షెర్మన్‌కు లోహపు పట్టా వేసి, అది ఎక్కువగా క్రుంగినచో, అందము కొరకు అబద్ధము కొన్నట్లగును. పైగా అమ్రాబాదు ట్యాంకు చక్రములు ముందే చెడినవి. ఆ బరువును అవి యేండ్ల తరబడి మోయలేవు. లోహపు పట్టాల వెల ఒక్కొక్కప్పుడు ట్యాంకు పెట్టె వెలనే మించును. కావున దానిని విడిచితిమి. బాలిక కొంత నొచ్చుకొన్నది.

మరొక కొసకు పోయినచో, పలకలు కొలుకులు విడివిడిగా నుండు గట్టి ప్లాస్టికు పట్టా యున్నది. లెక్క చూడుడు: ఒకవైపు 79 పలకలు, పలకకు రెండు కొలుకుల చొప్పున 158, రెండువైపులకు కలిపి 474 ముక్కలు. కూర్చిన పిదప నిజముగా తిరుగును. ఓపిక గలవారికి ఇది సంక్రాంతి సెలవులంతటి పని. పదవ తరగతి పరీక్షలు ముందున్న ఇంట దీనిని సూచింపగల ధైర్యము నాకు లేకపోయెను. ఇటీవల అచ్చుయంత్రములచేత రెసినుతో ముద్రించిన పలకలును వచ్చుచున్నవి. రూపురేఖలు మిక్కిలి సూక్ష్మము, కాని కొన్ని పెళుసు, చేయి జారినచో విరుగును.

మెత్తని పట్టాలలోను నేడు రెండు జాతులున్నవి. పూర్వపు వైనిల్‌కు ప్లాస్టికు జిగురు అంటదు. క్రొత్త రకములు కొన్ని మామూలు జిగురుతోనే అతుకును. పరీక్ష సులభము. పట్టా లోపలివైపు మూలలో జిగురు సూది మొనంత అంటింపుడు. అది కొంచెము కరగి జిగటయైనచో అతుకును. జారిపోయినచో పాత జాతిదే. దానిని మీ చక్రములకు దూరముగా నుంచుడు.

మేము ఎన్నుకొన్నది నడిమి మార్గము. పొడవు ముక్కలు, విడి పలకలు కలిసిన గట్టి ప్లాస్టికు పట్టా. నేలమీది వరుస ఒకే కమ్మీ, పైవరుస ఒకటి రెండు కమ్మీలు. ముందు పండ్ల చక్రము చుట్టును, వెనుక చక్రము చుట్టును మాత్రము విడి పలకలు. ప్లాస్టికు దేహముతో ఒకే జాతి గనుక నూనె బాధ లేదు. జిగురు రెంటిని కరగించి ఒకటిగా చేయును. బరువు లేదు. షెర్మన్ బిగువు పట్టాకు ఇది చక్కగా సరిపోవును.

కొనుటకు ముందు కొలత చూడవలెను. షెర్మన్ పలకకు పలకకు దూరము ఆరు అంగుళములు. 35వ వంతున 4.35 మిల్లీమీటర్లు. పది పలకల నిడివి 43 మిల్లీమీటర్లన్నర రావలెను. వెడల్పు 12 మిల్లీమీటర్లు. మొత్తము నిడివి ఒక్కొక్కవైపు 34 సెంటీమీటర్లకు పైచిలుకు. షెర్మన్లలో ఎం4ఎ4 అను రకమునకు దేహము పొడవు, చక్రముల జంటల నడుమ ఎడము ఎక్కువ. దానికి 79 చాలవు, 83 పలకలు కావలెను. భారతసేనలకు చేరిన షెర్మన్లలో ఈ పొడవైన రకమును కలదు గనుక మనవారు ఇచట జాగ్రత్త పడవలెను. యుద్ధము చివర వచ్చిన షెర్మన్లు కొన్నింటికి 23 అంగుళముల వెడల్పు పట్టాలు, వేరు చక్రములు. ఆ పట్టా ఈ చక్రములకు ఎక్కదు. పెట్టెమీది బొమ్మను నమ్మక, పాత పట్టాపై దారము పరచి కొలుచుకొనుడు. పాతది తెగినను కొలతకు పనికివచ్చును. మా ట్యాంకు పొట్టి రకమని దారమే చెప్పినది.

ఇక రబ్బరు బాణమా, ఉక్కు బాణమా? రెండును తండ్రిగారి మాటకు సరిపోవును. ఆ రాత్రి బీరువా వెలుతురున పాత పట్టాను భూతద్దముతో చూచితిమి. రంగు కింద, దుమ్ము కింద, అందులో నున్నది టి-48. పెట్టెవారు ఇచ్చినది అది. తండ్రిగారు ఎన్నుకొన్నది కాదు. ఐనను మార్చుటకు ఆధారము లేనప్పుడు, ఆయన చేత అతికిన తీరునే నిలుపుట మేలని నా అభిప్రాయము. బాలికకును ఇదే తోచినది. ఆమె అడిగిన మొదటి ప్రశ్నకు నా బదులు కూడ ఇందులోనే యున్నది. అసలు ట్యాంకునకు పట్టాలు అరిగిన కొలది మార్చిరి. మార్చిన ట్యాంకును ఎవరును వేరు ట్యాంకు అనలేదు. పైగా పాత పట్టాను అట్లే వదలినచో అది తాత చేసిన చక్రములను తినివేయును. తీయుటయే కాపాడుట.

పని నడచిన క్రమమును ఉత్తరములలో చదివితిని. పాత పట్టా తీసిన పిదప చక్రముల అంచులను సబ్బునీటితో కడిగి, వారము దినములు గాలికి ఆరనిచ్చిరి. పల్లములను పూడ్పు ముద్దతో నింపి, సన్నని గరుకు కాగితముతో రుద్దిరి. పూర్తిగా గుండ్రదనము రానివానిని, పల్లము పైకి వచ్చునట్లు త్రిప్పి, పట్టా చాటున దాచిరి. ఇది మోసము కాదు, మర్మము. నేలమీది కమ్మీ మొదట, పండ్ల చక్రము చుట్టు పలకలు తరువాత, వెనుక చక్రము పిదప, పైవరుస చివర అతికించిరి. జిగురు పూర్తిగా గట్టిపడక మునుపే పలకలను చక్రము చుట్టు వంచవలెను. అరగంట లోపల ముగింపకున్నచో వంగక విరుగును. అతుకు ఎక్కడ వచ్చినను పై అంచు నీడలో పడునట్లు చూచుకొనిరి. బాణపు మొనలు రెండువైపులను ఒకే దిక్కునకు చూడవలెనని నేను రెండు మారులు వ్రాసితిని. ఐనను ఒకవైపు తిరగబడినది. తీసి మరల వేసిరి.

రంగు విషయమున వాదము వచ్చినది. బాలిక నల్లరంగు పూయబోయినది. రోడ్డుమీది లారీ చక్రమును చూడుమంటిని. రబ్బరు నల్లగా నుండునది దుకాణములోనే. దారి యెక్కిన మరునాటికి అది బూడిదరంగు. ఉక్కు కొలుకులకు మాత్రము ముదురు గోధుమరంగు వేసి, అరిగిన మూలలపై పెన్సిలు మొద్దు రుద్దినచో ఇనుము మెరుపు వచ్చును. ఆ పిదప మన్ను. సెప్టెంబరు వానకాలము గనుక ఎండుదుమ్ము కన్న బురద ఉచితము. వారు తమ పెరటి ఎఱ్ఱమట్టినే జల్లించి, జిగురునీటితో కలిపి పూసిరట. ట్యాంకు చూచినది హైదరాబాదు దారిలో, మట్టి నల్లమలది. శాస్త్రము ప్రకారము తప్పే. ఆ తప్పును దిద్దుమని నేను వ్రాయలేదు.

తెగిన పాత పట్టాను వారు పారవేయలేదు. దానిని గాజు సీసాలో వేసి, మూత బిగించి, బీరువాలోనే వేరొక అరలో నుంచిరి. ట్యాంకున్న అరలో మాత్రము పెట్టవలదని నేనే చెప్పితిని. బీరువాను కూడ పడమటి గోడనుండి తీసి, ఉత్తరపు గోడకు, రేడియో ప్రక్కకు మార్చినట్లు కడపటి ఉత్తరమున వ్రాసిరి.